సొరంగపు సిపాయి నేరాల చిట్టాను ఎలా చదవాలి?



మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తన సైనికుల సర్వీసు ఫైళ్ళను ఆస్ట్రేలియా జాతీయ పత్రాలయం ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ముత్తాత యుద్ధానికి వెళ్ళాడని, నేల కింద సొరంగాలు తవ్వాడని ఇంట్లో విన్న మనవలు ఆశగా ఆ ఫైలు తెరుస్తారు. కనబడేది ఏమిటి? ఎత్తు, బరువు, మతం, భార్య పేరు. తరువాత వరుసగా తేదీలు. "సెలవు లేకుండా గైరుహాజరు." "తాగి ఉన్నాడు." "పై అధికారి మాట వినలేదు." ఒక్కొక్కదాని పక్కన శిక్ష, కోసిన జీతం. సొరంగం గురించి ఒక్క ముక్క ఉండదు. అందరి ఫైళ్ళూ ఇలాగే ఉంటాయని కాదు గానీ, ఇలాంటివి తక్కువేమీ కాదు.

అటువంటి కాగితం చేతికొచ్చినప్పుడు ఇంటివారు రెండింటిలో ఒకటి చేస్తారు. కొందరు సిగ్గుపడి మూసి పెడతారు. ఇంకొందరు, మా తాత భలే రౌడీ అని నవ్వుకుంటూ నలుగురికీ చూపిస్తారు. రెండూ సరి కావని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మనుషులు ఏం పని చేశారో చెప్పాలి. ఆ పని తెలియకపోతే నేరమూ అర్థం కాదు, శిక్షా అర్థం కాదు.

ఈ కథ మొదలైన చోట మన దేశపు సిపాయిలే ఉన్నారు. 1914 డిసెంబరు 20న ఫ్రాన్సులో ఫెస్టుబెర్, జివాన్షీ గ్రామాల దగ్గర భారత సైన్యం కాపలా కాస్తున్న కందకాల కింద జర్మన్లు పది చిన్న మందుపాతరలు పేల్చారు. ఎండల్లో పుట్టి పెరిగిన మనవాళ్ళు ఆ చలిలో, ఆ బురదలో అప్పటికే అలసిపోయి ఉన్నారు. కాళ్ళ కింద నేలే లేచిపోయింది. ఎదురుగా శత్రువు వస్తే తుపాకీ ఎత్తవచ్చు. కిందనుంచి వస్తే ఏం ఎత్తాలి? ఆ దెబ్బతో బ్రిటిష్ సైన్యానికి తమకూ నేల కింద పనిచేసే మనుషులు కావాలని తెలిసొచ్చింది.

అలాంటి మనుషులను జాన్ నార్టన్ గ్రిఫిత్స్ తెచ్చాడు. ఆయన పార్లమెంటు సభ్యుడు, పెద్ద కాంట్రాక్టరు. మాంచెస్టర్ నగరంలో మురుగుకాలువల సొరంగాలు తవ్విస్తున్నాడు. 1915 ఫిబ్రవరిలో అక్కడి కూలీలను కొందరిని పనిలోనుంచి తీసి, సైన్యంలో చేర్చి, నాలుగైదు రోజుల్లోనే జివాన్షీ దగ్గర భూమిలోకి దించాడు. కవాతు లేదు, తుపాకీ శిక్షణ లేదు. పారతో పని చేసేవాడు ఒక ఆదివారం మాంచెస్టర్లో ఉంటే, వచ్చే ఆదివారం నాటికి సిపాయి అయిపోయాడు. ఒంటిమీద యూనిఫాం వచ్చింది గానీ మనిషి కూలిమనిషే.

వారి పని తీరు చూడండి. ఫ్లాండర్స్ ప్రాంతంలో పైన నీరూరే ఇసుక, దాని కింద గట్టి బంకమన్ను. గునపంతో కొడితే చప్పుడవుతుంది, శత్రువు వింటాడు. అందుకని ఏటవాలుగా నిలిపిన ఒక కొయ్య చట్రానికి వీపు ఆనించి పడుకుని, కాళ్ళు ముందుకు చాపి, సన్నటి పారను పాదాలతో మట్టిలోకి తన్నుతారు. చప్పుడు ఉండదు. ముద్దగా ఊడిన మట్టిని రెండోవాడు సంచిలో ఎత్తుతాడు, మూడోవాడు చిన్న బండిమీద వెనక్కి తోస్తాడు. సొరంగం నాలుగు అడుగుల ఎత్తు, రెండడుగుల పైచిలుకు వెడల్పు. కొవ్వొత్తి వెలుతురు. గంటల తరబడి షిఫ్టు. వెనక్కి తిరగాలన్నా చోటు చాలదు.

ఆ కొయ్య చట్రానికి కూలీలు పెట్టుకున్న పేరు "సిలువ". సిలువ మీద పనిచేస్తున్నాం అనేవారు. భక్తితో పెట్టిన పేరు కాదు. చట్రం ఆకారాన్ని బట్టి వచ్చింది, అంతే. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్ళీ అవసరం పడుతుంది.

తవ్వడం ఒక ఎత్తు, వినడం ఇంకో ఎత్తు. తవ్వేవాడు ఆగి, జియోఫోన్ అనే పరికరాన్ని నేలకు ఆనించి, డాక్టరు స్టెతస్కోపు పెట్టుకున్నట్టు చెవులకు పెట్టుకుని కూర్చుంటాడు. అవతల జర్మన్ కూడా తవ్వుతున్నాడు. వాడి చప్పుడు వినబడుతుంటే భయం కాస్త తక్కువ, ఎందుకంటే వాడింకా పనిలో ఉన్నాడు. చప్పుడు ఆగిపోయిందంటే మందు కూరుతున్నాడేమో! ముందుగా ఎవరు పేలిస్తే అవతలివాడు బతికుండగానే సమాధి అవుతాడు. పేలుడు తరువాత సొరంగంలో కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే పంజరంలో కెనరీ పిట్టనో, చిట్టెలుకనో వెంట తీసుకెళ్ళేవారు. పిట్ట వాలిపోతే మనిషి పరుగెత్తాలి. అయితే అంత ఇరుకులో పరుగెత్తేది ఎక్కడ, పాకాలి.

ఇక్కడ ఒక సంగతి. ఆ వాయువు కొద్దిగా ఎక్కిన మనిషికి తల తిరుగుతుంది, మాట తడబడుతుంది, నడక తూలుతుంది, తిక్కగా ప్రవర్తిస్తాడు. చూసేవాడికి తాగినవాడిలాగే కనబడతాడు. గనుల్లో పనిచేసిన అధికారి అయితే సంగతి గ్రహిస్తాడు. గని ముఖం చూడని అధికారి ఎదుట నిలబడితే? "తాగి ఉన్నాడు" అనే మాటను ఏ ఫైల్లో చూసినా మాకు ఈ అనుమానం వస్తుంది. అన్నీ వాయువు వల్లే అని మేము అనడం లేదు. నిజంగా తాగినవారే ఎక్కువ ఉంటారు.

తాగుడు సంగతి వచ్చింది కాబట్టి అది కూడా చెప్పుకుందాం. సైన్యమే సిపాయిలకు కొలత ప్రకారం రమ్ము పోసేది. నార్టన్ గ్రిఫిత్స్ తన రోల్స్ రాయిస్ కారులో ద్రాక్షసారా పెట్టెలు వేసుకుని పటాలం పటాలానికి తిరిగి, మంచి గని కార్మికులను ఇవ్వమని అక్కడి కమాండర్లకు ఆ సీసాలు అందించేవాడని చరిత్ర చెబుతుంది. అంటే సీసా ఇచ్చి మనిషిని తెచ్చారు, చేతిలో గ్లాసు పెట్టి సొరంగంలోకి దించారు, ఊళ్ళోకి వెళ్ళి నాలుగో గ్లాసు తాగితే నేరం రాశారు. తాగుడును మేము ఎన్నడూ సమర్థించలేదు, ఇప్పుడూ సమర్థించము. మా పల్లెల్లో అది ఎన్ని కాపురాలు కూల్చిందో కళ్ళారా చూస్తున్నాము. అయినా లెక్క లెక్కే. పోసినవాడి పేరు కూడా రాయాలి కదా!

జీతం లెక్క ఇంకా విచిత్రం. మామూలు పదాతి సిపాయికి రోజుకు 1 షిల్లింగు. సొరంగం ముఖం దగ్గర తవ్వే నిపుణుడికి 6 షిల్లింగులు. వాడికి సహాయంగా ఉండేవాడికి 2 షిల్లింగుల 2 పెన్నీలు. ఒకే చీకటి, ఒకే చావు, మూడు కూలీ రేట్లు. పదాతివాళ్ళకు వీళ్ళంటే అసూయ, సహాయకులకు నిపుణులంటే గుర్రు. గని కార్మికుడికి కూలీ విషయంలో మేస్త్రీని నిలదీయడం పుట్టుకతో వచ్చిన అలవాటు. సైన్యంలో అదే మాట అంటే ధిక్కారం. గైరుహాజరుకు, ఫీల్డ్ శిక్షకు ఆ రోజుల జీతం పోయేది. కాబట్టి ఒకే తప్పుకు పదాతివాడికి పోయేదానికన్నా ఆరు రెట్లు ఈ మనిషి ఇంటికి చేరకుండా పోయేది. అక్కడ భార్య, పిల్లలు ఆ డబ్బు కోసం చూస్తూ ఉంటారు.

ఇప్పుడు శిక్ష సంగతి. 1881లో బ్రిటిష్ సైన్యం కొరడా దెబ్బలను రద్దు చేసింది. వాటి స్థానంలో యుద్ధభూమి కోసం వచ్చినది "ఫీల్డ్ పనిష్‌మెంట్ నంబర్ వన్". మనిషిని బండి చక్రానికో, స్తంభానికో, కంచెకో తాళ్ళతో కడతారు. రోజుకు రెండు గంటల వరకు. నాలుగు రోజుల్లో మూడు రోజులకు మించకూడదు, మొత్తం 21 రోజులు దాటకూడదు అని నిబంధన. కట్టని వేళల్లో బండచాకిరీ. కమాండింగ్ అధికారి తన మాటమీద 28 రోజుల వరకు ఈ శిక్ష వేయగలడు, కోర్టు మార్షల్ అయితే 90 రోజుల వరకు. చేతులు రెండు వైపులా చాపి కట్టిన సందర్భాలు ఉండటంతో సిపాయిలు దానికి పెట్టిన పేరు "సిలువ వేయడం".

కింద సిలువ మీద పనిచేసినవాడిని పైన మళ్ళీ సిలువకు కట్టారు. ఈ పోలిక మేము కల్పించినది కాదు, రెండు పేర్లూ వాళ్ళు పెట్టుకున్నవే. ఒక సంఘ కాపరిగా ఈ మాటను మేము తేలిగ్గా వాడలేము. ప్రతివాడూ క్రీస్తు వలె నిర్దోషి అని చెప్పడానికి ఆ మాటను వాడుకోవడం తప్పు. అయితే క్రైస్తవ దేశమని చెప్పుకున్న రాజ్యం, తన పేద కూలీని చేతులు చాపించి, దారిన పోయేవారందరూ చూసేలా కట్టి నిలబెట్టినప్పుడు ఆ ఆకారం ఎవరిది అని ఒక్కరైనా ఆలోచించలేదా? ఆలోచించినవారు ఉన్నారు. ఇంగ్లండులో పార్లమెంటు దాకా అభ్యంతరాలు వెళ్ళాయి. ఆస్ట్రేలియా సిపాయిలైతే కట్టి ఉన్న మనిషి కనబడితే తాళ్ళు కోసేసిన సంఘటనలు ఉన్నాయి. చివరికి 1923లో ఆ శిక్ష రద్దయింది, యుద్ధం ముగిసి ఐదేళ్ళకు.

అయితే శిక్షే ఉండకూడదా? ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఈప్రె పట్టణం దగ్గర హిల్ 60 అనే గుట్ట కింద ఆస్ట్రేలియా మొదటి టన్నెలింగ్ కంపెనీ 1916 నవంబరు నుండి పనిచేసింది. అంతకుముందు కెనడావారు పేర్చి పెట్టిన మందుపాతరలను శత్రువు కనిపెట్టకుండా ఏడు నెలలు కాపాడటమే వారి పని. 1917 జూన్ 7న తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు మెసీన్ గుట్టల వెంట మొత్తం 19 మందుపాతరలు పేలాయి. హిల్ 60 కిందిది వాటిలో ఒకటి. ఆ ఏడు నెలల్లో కొన్నిచోట్ల జర్మన్ సొరంగానికీ వీరి సొరంగానికీ మధ్య కొద్ది అడుగుల మట్టి మాత్రమే. గుసగుసలతో మాట్లాడుకోవాలి. అలాంటి చోటికి ఒకడు తాగి దిగి, పాట అందుకున్నాడనుకోండి. వాడొక్కడే చావడు. షిఫ్టుకు రానివాడి బదులు ఇంకొకడు రెండో షిఫ్టు చేయాలి, అలసిపోయిన చెవులతో వినాలి. కాబట్టి గైరుహాజరు అనేది కాగితం మీది నేరం మాత్రమే కాదు. తోటివాడి మీద వేసిన బరువు. తాత రౌడీతనం చూసి నవ్వుకునే మనవలు ఆ రెండో షిఫ్టు చేసినవాడిని మరచిపోతున్నారు. వాడి మనవలు కూడా ఎక్కడో ఉంటారు.

మేము తప్పు పట్టేది శిక్షించడాన్ని కాదు, మనిషిని ఒక విధంగా తీసుకుని ఇంకో విధంగా తూచడాన్ని. గని కార్మికుడివి కాబట్టి రా, కవాతు అక్కర్లేదు, వయసు ఎక్కువైనా పరవాలేదు అని పిలిచారు. నలభై దాటినవారిని, యాభై దాటినవారిని కూడా తీసుకున్నారు. పైకి వచ్చాక మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాడు కవాతు మైదానంలో ఎలా నిలబడాలో అలా నిలబడమన్నారు. నేల కింద వీరిని బాగా నడిపిన అధికారులు చాలామంది మైనింగ్ ఇంజనీర్లే. పనివాడితో ఎలా మాట్లాడాలో వారికి తెలుసు. చిక్కు ఎక్కువగా పైన, బస చేసే ఊళ్ళలో వచ్చేది.

విలియం హాకెట్ అనే ఆయనను చూడండి. ఇంగ్లండులో 23 సంవత్సరాలు బొగ్గు గనిలో పనిచేశాడు. చదవడం, రాయడం రాదు. సైన్యంలో చేరడానికి వెళ్తే వయసు ఎక్కువని మూడుసార్లు తిప్పి పంపారు. అదే సైన్యం 1915 అక్టోబరులో టన్నెలర్‌గా తీసుకుంది, అప్పటికి ఆయనకు 42 ఏళ్ళు. 1916 జూన్ 22న జివాన్షీ దగ్గరే, మనవాళ్ళ కాళ్ళ కింద నేల లేచిన ఆ పరిసరాల్లోనే, జర్మన్లు పెద్ద మందుపాతర పేల్చారు. హాకెట్, మరో నలుగురు సొరంగంలో చిక్కుకున్నారు. ఇరవై గంటలు తవ్వాక బయటివారికి చిన్న కంత దొరికింది. ముగ్గురిని ఆయనే దగ్గరుండి బయటికి పంపాడు. నాలుగోవాడు గాయపడి కదలలేని యువకుడు. తాను రాగలిగి కూడా హాకెట్ రాలేదు. తాను టన్నెలర్‌నని, ముందు మిగతావారిని చూసుకోవాలని చెప్పాడు. కంత కూలిపోయింది. పైవారు నాలుగు రోజులు తవ్వినా ఇద్దరినీ చేరలేకపోయారు. ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ అక్కడే ఉన్నారు. 2010లో ఆ చోటికి దగ్గరలో టన్నెలర్ల స్మారకం కట్టారు.

హాకెట్ వంటివారి సంగతి పతకం వల్ల మనకు తెలిసింది. పతకం రాని వేలాదిమంది సంగతి? వారు రోజూ చేసిన పనిని రాయడానికి సర్వీసు కాగితంలో గడి లేదు. ఆలస్యంగా వచ్చిన రోజును రాయడానికి గడి ఉంది. సమయానికి దిగిన రెండువందల రోజులకు సిరా ఖర్చు కాలేదు, దిగని మూడు రోజులకు ఖర్చయింది. వందేళ్ళ తరువాత చదివేవారికి ఆ మూడు రోజులే మనిషి అయిపోయాడు.

తెలంగాణ బొగ్గు బాయిల్లో పనిచేసిన కుటుంబాలకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. మస్టర్లు తక్కువ పడితే ఛార్జిషీటు వస్తుంది. పక్కన పనిచేసేవాడి మీద కప్పు కూలిన మర్నాడు బాయి దిగడానికి కాళ్ళు రాక నాగా పెట్టినా, పేకాటకు కూర్చుని నాగా పెట్టినా రిజిస్టరులో పడేది ఒకే గుర్తు. ఏది ఏదో ఆ ఇంటి ఆడమనిషికి తెలుసు.

యుద్ధభూమిలో ఈ తేడా తెలిసినవారు అసలు లేరని కాదు. ఈప్రెకు వెనుక పోపరింగె అనే ఊరు ఉంది. కందకాలనుండి వచ్చిన సిపాయిలతో, సారా దుకాణాలతో కిటకిటలాడేది. 1915 డిసెంబరులో ఫిలిప్ క్లేటన్ అనే సైనిక గురువు అక్కడ టాల్బట్ హౌస్ అనే ఇల్లు తెరిచాడు. టీ, పుస్తకాలు, తోట, మేడ పైన చిన్న ప్రార్థన గది. లోపలికి వస్తే ఎవరి హోదా వారు గుమ్మం బయటే విడిచిపెట్టాలని బోర్డు పెట్టాడు. జనరలూ, సిపాయీ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. తాగవద్దని గోడమీద రాయడం కన్నా, తాగకుండా కూర్చునే చోటు ఒకటి చూపించడం మేలని ఆయన గ్రహించాడు. సంఘాలు నడిపే మా వంటివారు ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. మా ఊళ్ళలో సాయంత్రం ఆరు దాటితే కూలి చేసి వచ్చిన మగవాడు కూర్చోవడానికి బెల్టు షాపు అరుగు తప్ప ఏముంది?

క్షమాపణ సంగతి కూడా చెప్పుకోవాలి. పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో చట్టం చేసి క్షమాభిక్ష ఇచ్చారు. ఆస్ట్రేలియా మాత్రం యుద్ధకాలంలోనే తన సిపాయిలను కాల్చనివ్వలేదు. 121 మందికి మరణశిక్ష పడినా ఒక్కరినీ చంపలేదు. బ్రిటిష్ చట్టంలో ఒక మాట మమ్మల్ని చాలాసేపు ఆపింది. ఈ క్షమాభిక్ష వల్ల ఆనాటి తీర్పు గానీ శిక్ష గానీ మారదని అందులో రాసి ఉంది. అంటే నేరం రికార్డులో ఉంటుంది, అలా చంపదగినవారు కారని మాత్రం ఒప్పుకున్నారు. కొందరికి ఇది చాలలేదు. మాకైతే ఇందులో ఒక నిజాయితీ కనబడుతుంది. జరిగినదాన్ని చెరిపివేయలేదు, పక్కన ఇంకో మాట చేర్చారు. బండి చక్రానికి కట్టబడ్డవారికి ఆ ఒక్క మాటా ఎవరూ చేర్చలేదు. వారి ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. బ్రిటిష్ సిపాయిల ఫైళ్ళలో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్ మీద పడిన బాంబులకు కాలిపోయాయి. చట్టం చేయని పనిని వారి విషయంలో మంట చేసింది. నేరంతోపాటు మనిషి ఆనవాలు కూడా పోయింది.

కాబట్టి ఫైలు ఉన్నవారు దాన్ని దాచవద్దు, చించవద్దు, పక్కన ఇంకో కాగితం పెట్టుకుని చదవండి. ప్రతి టన్నెలింగ్ కంపెనీ తన యుద్ధ దినచర్య రాసి పెట్టింది. బ్రిటిష్ కంపెనీలవి లండన్ దగ్గరి జాతీయ పత్రాలయంలో ఉన్నాయి, ఆస్ట్రేలియావి అక్కడి యుద్ధ స్మారక సంస్థ ఇంటర్నెట్‌లోనే పెట్టింది. తాత గైరుహాజరైన తేదీ రాసుకుని, దినచర్యలో దానికి ముందు వారం తీయండి. అధికారులైతే పేరుతో ఉంటారు. సిపాయిల పేర్లు సాధారణంగా ఉండవు. శత్రువు ఫలానా సొరంగం దగ్గర పేల్చాడు, ఇద్దరు ఇతర ర్యాంకులవారు మృతి, నలుగురికి వాయువు తగిలింది, పని కొనసాగుతోంది అని రెండు వరుసలు ఉండవచ్చు. ఏమీ లేకపోనూవచ్చు. ఉంటే, ఆ ఇద్దరూ ఏ షిఫ్టువారో, మీ తాత ఆ రోజు ఏ షిఫ్టులో ఉన్నాడో చూడండి.